ఒళ్ళు వెచ్చగా ఉంది

టీకా మందుల ఫ్రిజ్ మూత మీద అంటించిన కాగితం డాక్టరు స్వహస్తాలతో రాసిందే. "ఇందులో టీకాలు తప్ప మరేదీ పెట్టరాదు" అని ఎర్ర సిరాతో, కింద రెండు గీతలతో ఉంటుంది. ఆ కాగితం ముందే నిలబడి, పళ్ళరసం సీసాల పెట్టెని కాలితో ముందుకు తోసి, వాటిని అందులో సర్దమన్నాడు డాక్టరు.

"మామూలు ఫ్రిజ్ ఉంది కదా సార్?" అంది సూదమ్మ.

"నిన్నటినుంచీ అది బీరువాతో సమానం. పై ఆఫీసు పెద్దాయన గంటలో దిగుతాడు. ఎండన పడి వచ్చిన మనిషికి వేడి రసం ఇస్తామా?"

"ఆ కాగితం మీరే అంటించారు కదండీ."

"అంటించిందీ నేనే, చెబుతున్నదీ నేనే. ఒక్క గంట సిస్టర్ గారూ. గంటలో కొంపలేం మునగవు."

సూదమ్మ అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఆ పేటలో ఎవరికీ తెలియదు. సూదులు వేసీ వేసీ సూదమ్మ అయిపోయింది. మొదట్లో ఆ పిలుపు విని ముఖం చిట్లించుకునేది గాని, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడదు.

పెట్టెలా పైకి తెరుచుకునే ఆ ఫ్రిజ్ గోడల్లోనూ అడుగునా మంచు పొర ఉంటుంది. కరెంటు పోయినా చల్లదనం పోదు. అందుకే మందులు తీగబుట్టలో పైన ఉండాలి, అడుక్కి తగలకూడదు. వేడి తగిలినా చస్తాయి, మరీ చలి పెట్టినా చస్తాయి, పసిపిల్లల మందులకీ పసిపిల్లల తీరే అని కొత్తగా చేరిన వాళ్ళకి పాఠం చెప్పేది ఆవిడే. ఆ పాఠం చెప్పే మనిషే ఆ రోజు బుట్టలోంచి మందుల పెట్టెలు తీసి అడుగున పేర్చి, బుట్ట నిండా సీసాలు సర్దింది. త్వరగా చల్లబడాలని డాక్టరు ఫ్రిజ్ పక్కనున్న, చలి పెంచే మరను చివరిదాకా తిప్పాడు.

పెద్దాయన గంటలో రాలేదు. పొద్దు వాలాక వచ్చాడు. వస్తూ అద్దంలా మెరిసే ఒక షీల్డు తెచ్చాడు. చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాలన్నిటిలోకీ మందు ఒక్క చుక్క కూడా వృథా చేయని కేంద్రం ఇదేనట. ఫొటో తీసేటప్పుడు షీల్డు ఒక కొస సూదమ్మ చేతికిచ్చారు. ఇన్నేళ్ళలో ఆవిడ చేతికి సూదీ దూదీ కాక మరొకటి ఇచ్చింది అదే మొదటిసారి. పెద్దాయన రసం ఒక గుటక తాగి, గొంతు పట్టేసిందని పక్కన పెట్టాడు. మిగతా సీసాలు అందరూ తలా ఒకటి తీసుకున్నారు. సూదమ్మ కోడలి కోసం ఒకటి సంచిలో వేసుకుంది. ఆఫీసు బండి అటే వెళ్తోంది, దింపుతాం రమ్మంటే ఎక్కేసింది కూడా. బండి సందు మలుపు తిరిగేటప్పుడు, ఇస్త్రీ బండి దగ్గరున్న నలుగురూ తనని చూశారా లేదా అని తల బయటికి పెట్టి మరీ చూసింది.

*

మర్నాడు టీకాల రోజు. సూదమ్మ పొద్దున్నే వచ్చి, మందుల పక్కన పెట్టే మంచు డబ్బాల్ని గడ్డకట్టించే పెట్టెలోంచి తీసి బల్ల మీద పరిచింది. వాటిని తీసినవి తీసినట్టు మందుల పక్కన పెట్టకూడదు. డబ్బాకి చెమట పట్టాలి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు కదలాలి, అప్పుడు పెట్టాలి. చెమట పట్టేలోగా ఫ్రిజ్ మూత తీసి అలవాటుగా బుట్టలో చెయ్యి పెట్టింది. బుట్ట ఖాళీగా ఉంది.

నిన్న మందులు తిరిగి పైకి సర్దలేదు, మర వెనక్కి తిప్పలేదు. అడుగున పెట్టెలు అంటుకుపోయి, లాగితే అట్టముక్క ఊడి వచ్చింది. ఒక బుడ్డీ తీసి వెలుగులో చూసింది. పాలరంగు మందు రాయిలా బిగుసుకుపోయి, తలకిందులు చేసినా కదల్లేదు. దాన్ని గుప్పిట్లో మూసుకుని అలాగే నిలబడింది, చేతి వెచ్చదనానికి పోయిన ప్రాణం తిరిగి వస్తుందేమో అన్నట్టు.

డాక్టరు వచ్చి చూశాడు. మాట్లాడకుండా ఒక బుడ్డీని అరచేతుల మధ్య కరగబెట్టి, గట్టిగా ఊపి, కిటికీ గట్టు మీద నిలబెట్టాడు. ఇద్దరూ దానివంక చూస్తూ నిలబడ్డారు. పాలలా కలిసిపోవలసిన మందు విరిగిన పాలలా పలుకులు తేలి, ఆ పలుకులు నెమ్మదిగా అడుక్కి దిగాయి. పైన తేట నీళ్ళు మిగిలాయి.

"ఈ పరీక్ష మీరే నేర్పారు సార్," అంది సూదమ్మ.

"నేర్పాను. ఎందుకు నేర్పానా అని ఇప్పుడు ఏడుస్తున్నాను." డాక్టరు బుడ్డీ మీది గుర్తు చూశాడు. అది తెల్లగా, నిక్షేపంగా ఉంది. ఆ గుర్తు వేడి తగిలితే రంగు మారి అందరికీ చాడీలు చెబుతుంది. చలికి మాత్రం నోరు మెదపదు.

"పారేద్దాం సార్. వచ్చినవాళ్ళకి వచ్చే వారం రమ్మని చెబుదాం."

"నిన్న సాయంత్రం చుక్క వృథా చేయలేదని షీల్డు ఇచ్చారు. ఇవాళ పొద్దున్న పెట్టెలకి పెట్టెలు పారబోశామని రాసి పంపమంటారా? ఎందుకు పాడయ్యాయని అడుగుతారు. రసం సీసాలని చెప్పాలి. పెట్టింది ఎవరంటారు. అప్పుడేం చెబుతారు?"

సూదమ్మ గుప్పిట్లోని బుడ్డీని బల్ల మీద పెట్టింది.

"నేను చెప్పాను, నిజమే. పెట్టిన చేతులు మీవి," అన్నాడు డాక్టరు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. దానికే ఆవిడకి మరీ భయమేసింది. "దీనివల్ల ఎవరి ప్రాణమూ పోదు సిస్టర్ గారూ. నీళ్ళు పొడిచినట్టు, అంతే. రాకరాక వచ్చినవాళ్ళు ఒకసారి వెనక్కి తిరిగితే మళ్ళీ గడప తొక్కరని ఎప్పుడూ అనేది మీరు కాదూ?"

అన్నది ఆవిడే. పక్క సందులో పోయిన నెలలోనే కోరింత దగ్గు ఒక పసివాణ్ణి పొట్టన పెట్టుకుంది. ఈ సూదుల్లో ఆ దగ్గుకి మందు ఉంది, అంటే నిన్నటిదాకా ఉంది. నీళ్ళు పొడిచినట్టే అయితే ఆ దగ్గు నీళ్ళకి భయపడుతుందా అని అడుగుదామనుకుంది. అడగలేదు. ఉద్యోగం పోతే ఇంట్లో ఎవరికి ఏం చెప్పాలో అని ఆలోచిస్తూ దూది ముక్కలు తుంచడం మొదలుపెట్టింది. వరండాలో అప్పటికే పిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి.

*

వరుసలో మొదట ఎప్పటిలాగే చెప్పుల కొట్టామె ఉంది. పేటలో పిల్లల్ని ఈడ్చుకొచ్చి మరీ టీకాలు వేయించే మనిషి. సూదమ్మని పిన్నీ అని పిలుస్తుంది, పిన్ని మాటంటే ఆమెకి రాతి మీద గీత.

"నిన్న బండిలో వెళ్తుంటే చూశాను పిన్నీ. రాణీగారిలా ఉన్నావు," అంది కొడుకు తొడ మీది గుడ్డ తొలగిస్తూ. "మా ఆయనతో చెప్పాను, షీల్డు ఇచ్చారంటే ఊరికే ఇచ్చారా, పిన్ని చెయ్యి అలాంటిదీ అని."

సూదమ్మ బుడ్డీని ఊపింది. పలుకులు అడుక్కి దిగేలోగా మందు లాగెయ్యాలి కాబట్టి చప్పున లాగింది. పిల్లవాడు కెవ్వుమన్నాడు. "రుద్దకు. చల్లటి తడిగుడ్డ వెయ్యి. గడ్డ కట్టినా భయపడకు, మందు పని చేస్తున్నట్టే," అంది. ఏళ్ళ తరబడి అంటున్న మాటలు, నోటంట వాటంతట అవే వచ్చేశాయి. చెప్పుల కొట్టామె పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, కాసేపు కూర్చుని, కొట్టు తెరవాలంటూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మరికొందరు వచ్చారు. సూదమ్మ తల ఎత్తి తల్లుల ముఖాలు చూడడం మానేసి తొడలు మాత్రమే చూసింది.

"వచ్చానక్కా," అన్న గొంతు విని తల ఎత్తక తప్పలేదు. ఇస్త్రీ ఆమె చంకలో కూతురితో నిలబడి ఉంది.

ఆమె రాక కోసం సూదమ్మ కాళ్ళరిగేలా తిరిగింది. నవ్వుతున్న పిల్లని పొడిచి ఏడిపించే మందు నాకొద్దని ఒక్కటే మాట మీద నిలబడ్డ కొరకరాని కొయ్య అది. నేరుగా అడిగితే ముఖం తిప్పుకుంటుందని, ఇస్త్రీ అక్కర్లేని దుప్పట్లూ, ఆఖరికి గోనెపట్టాలాంటి తలుపు తెరలూ మోసుకెళ్ళి ఆమె బండి పక్కన నిలబడి ఆ మాటా ఈ మాటా చెప్పింది. ఇంట్లో మసిగుడ్డలకి కూడా మడత నలగడం లేదని కోడలు నవ్వేది. ఇవాళ ఆ మనిషి తనంతట తానే వచ్చింది.

"పక్క సందులో ఆ పిల్లాడి దగ్గు విన్నానక్కా," అంది ఇస్త్రీ ఆమె, బల్ల చివర కూర్చుంటూ. "మీరు చెప్పిందే నిజమనిపించింది. మా వంతు వచ్చినప్పుడు పిలవండి."

ఇంకొక వంతు అయితే ఆమెదే. సూదమ్మ బుడ్డీ చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే మెట్ల మీంచి, "అత్తయ్యా," అంటూ కోడలు మనవరాల్ని ఎత్తుకుని వచ్చింది.

ఆ పిల్ల సూది కూడా ఈ రోజే. నిన్న రాత్రి రసం తాగుతూ కోడలు ఆ మాట అంది, షీల్డు సంబరంలో సూదమ్మ ఊ కొట్టింది.

"పిల్ల నిద్రలేచేసరికి ఆలస్యమైంది. మీరే వేస్తారు కాబట్టి వరుసలో నిలబడక్కర్లేదని ఇలా వచ్చేశాను," అని కోడలు నలుగురికీ నవ్వు ముఖం చూపించి, పిల్ల తొడ పైకి తీసి పట్టుకుంది. పిల్ల నాయనమ్మని చూసి బోసినోరు తెరిచి కాళ్ళు కొట్టుకుంది.

సూదమ్మ చేతిలో సూది ఉంది. సూదిలో మందు ఉంది. అందరికీ ఇదే పొడిచాను, దీనికీ పొడిస్తే సరిపోతుంది, వచ్చే వారం ఇంట్లోనే మళ్ళీ మంచిది వేసుకోవచ్చు అని మనసు చెబుతూనే ఉంది. చెయ్యి కదల్లేదు.

"ఇవాళ వద్దు," అంది.

"అదేంటత్తయ్యా?"

"ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరం మీద వెయ్యకూడదు."

"జ్వరమా? పొద్దుటినుంచీ ఆడుతోందే."

"చెబుతున్నానా? ఇంటికి తీసుకెళ్ళు. వచ్చే వారం చూద్దాం."

కోడలు బిత్తరపోయి పిల్ల తొడ కప్పింది. పిల్లని ముట్టుకోకుండానే అత్తగారికి జ్వరం ఎలా తెలిసిందా అన్న ప్రశ్న ఆమె ముఖంలో ఉంది గాని, నలుగురిలో అడగలేదు. వెనక్కి తిరిగింది.

ఇస్త్రీ ఆమె లేచి అడ్డం వచ్చింది. రోజంతా ఇస్త్రీపెట్టె వేడి వేలితో తెలుసుకునే చెయ్యి అది. చేతి వెనక వైపుని పిల్ల నుదుటి మీద ఆనించి, తర్వాత మెడ దగ్గర ఆనించి, ఆఖరికి అరికాలు పట్టుకు చూసింది. చూసి, సూదమ్మ వంక తిరిగింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"మా పిల్లకీ ఒళ్ళు వెచ్చగానే ఉందక్కా," అంది. "వచ్చే వారం వస్తాను."

కూతుర్ని చంకనేసుకుని మెట్లు దిగింది. ఆమె వెనక ఇంకొకామె లేచి, ఎవరివంకా చూడకుండా, తన పిల్లాడికి రాత్రి కాస్త జలుబు చేసిందంది. ఇంకొకామె ఏమీ అనకుండానే వెళ్ళింది. సూది వేయించుకుని కూర్చున్నవాళ్ళు పిల్లల తొడల మీది దూది తీసి చూసుకున్నారు. బల్ల ఖాళీ అయింది. కాసేపటికి డాక్టరు గదిలోంచి తొంగి చూసి, అప్పుడే అయిపోయిందా అన్నాడు.

ఆ సాయంత్రం కోడలు పిల్ల నుదురు మాటిమాటికీ ముట్టుకు చూసింది. సూదమ్మ సీసాలో మిగిలిన రసాన్ని మోరీలో ఒంపేసింది.

*

తర్వాతి వారం కొత్త మందు వచ్చింది. సూదమ్మ పెట్టెల్ని బుట్టలో సర్ది, మర మీద గుడ్డ కట్టి ముడి వేసింది. డబ్బాలకి చెమట పట్టేదాకా చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూ కూర్చుంది. అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయి, వరండాలో పిల్లలు తప్ప.

పిల్లని తీసుకుని కోడలు ఒక్కతే వచ్చింది. మనవరాలికి సూది వేసేటప్పుడు, "జ్వరం లేదుగా అత్తయ్యా?" అని అడిగింది. వెటకారమో కాదో తెలుసుకునే ధైర్యం సూదమ్మకి లేకపోయింది.

"ఈ జనానికి ఎంత చేసినా ఇంతే," అన్నాడు డాక్టరు ఖాళీ బల్ల చూసి. "ఎవడో పుకారు పుట్టిస్తాడు, గొర్రెల్లా వెనక పోతారు. అజ్ఞానం. ఒక అవగాహన సదస్సు పెడదాం. మీరు మాట్లాడండి, మీ మాట వింటారు." వెనక గోడకి షీల్డు కాస్త వంకరగా వేలాడుతోంది.

సూదమ్మ మందుల పెట్టె భుజాన తగిలించుకుని బయటికి నడిచింది.

ఇస్త్రీ ఆమె బండి దగ్గర చొక్కా కాలరు రుద్దుతోంది. కింద నీడలో పిల్ల గుండీల డబ్బాతో ఆడుకుంటోంది. సూదమ్మ పెట్టె దింపి నిలబడింది. ఇస్త్రీ ఆమె చొక్కా మడత పెట్టి, ఇంకొకటి తీసి, దాని చేతులు కూడా అయ్యాక గాని మాట్లాడలేదు.

"మనవరాలికి వేశారా?"

"పొద్దున వేశాను. ఈ పెట్టెలోదే."

"అయితే ఇది మంచిది."

"మంచిది."

"ఆ రోజుది?"

సూదమ్మ చుట్టూ చూసింది. వినేవాళ్ళు ఎవరూ లేరు. "చలికి చచ్చిపోయిన మందు," అంది చివరికి. "మేమే చంపుకున్నాం."

"తెలిసే పొడిచారు."

"తెలిసే."

ఇస్త్రీ ఆమె ఇస్త్రీపెట్టెని నిలబెట్టి, పిల్లని ఎత్తుకుని బండి మీద కూర్చోబెట్టి, తొడ మీది గుడ్డ తొలగించింది. "వెయ్యండి," అంది. సూదమ్మ నమ్మలేక చూస్తుంటే, "మిమ్మల్ని నమ్మి కాదు. సొంత పిల్లకి వేశారుగా, దాన్ని నమ్మి," అంది.

పిల్ల ఏడ్చి, ఊరుకుని, మళ్ళీ గుండీల డబ్బా కావాలంది. సూదమ్మ దూది అదిమి పట్టుకుని ఉండగా ఇస్త్రీ ఆమె నెమ్మదిగా అడిగింది. "మరి ఆ రోజు వేయించుకున్న పిల్లలు? మిమ్మల్ని అనుమానించి లేచి వెళ్ళిన నాకేమో మంచిది దొరికింది. నమ్మి కూర్చున్నవాళ్ళకి?"

సూదమ్మ పెట్టె భుజాన వేసుకుంది. తినే అన్నం మీద ఒట్టు, ఆ క్షణాన ఆవిడకి ఉద్యోగం గుర్తు రాలేదు. మొదటి సూది ఎవరికి వేసిందో అదే గుర్తొచ్చింది.

చెప్పుల కొట్టు ముందు చెప్పుల జతలు తోరణాల్లా వేలాడుతున్నాయి. పిన్నిని చూడగానే చెప్పుల కొట్టామె ముఖం విప్పారింది. స్టూలు తుడిచి వేసింది. పిల్లవాణ్ణి తెచ్చి తొడ చూపించింది. సూది పడిన చోట గోలీకాయంత గడ్డ ఎర్రగా ఉంది.

"చూశావా పిన్నీ, ఎంత గట్టిగా కట్టిందో. మా పెద్దవాడికి ఎప్పుడూ ఇంత కట్టలేదు. ఈసారి మందు బాగా పట్టిందని అందరికీ చూపిస్తున్నాను. అవతల జనం ఏవేవో కూస్తున్నారులే."

పాడైన మందు పలుకులు కడితే ఇలాగే ఒంట్లో నిలిచిపోతుంది. సూదమ్మ ఆ గడ్డని వేలితో తాకి చూసింది. పిల్లవాడు కాలు లాక్కున్నాడు.

"వీడికి మళ్ళీ ఒక సూది వెయ్యాలమ్మా," అంది.

"మొన్ననేగా వేశావు?"

"అది మందు కాదు. పాడైపోయింది. తెలిసీ వేశాను." ఇస్త్రీ బండి నుంచి ఇక్కడిదాకా ఎన్నో విధాలుగా అనుకున్న మాటలు, చివరికి ఇంత పొట్టిగా వచ్చాయి. "నీ పిల్లాడికి దగ్గు రాకుండా ఆపేది ఇప్పుడు వాడి ఒంట్లో ఏమీ లేదు. ఇవాళ మంచిది తెచ్చాను. వేయించుకో. తర్వాత నన్ను ఏం చేస్తావో చెయ్యి, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

చెప్పుల కొట్టామె ఆవిడ ముఖంలోకి చూసి జాలిగా నవ్వింది.

"నాకు తెలుసు పిన్నీ. ఆ ఇస్త్రీ దాని మాటలు నీ దాకా వచ్చాయి కదూ? వాళ్ళు అన్నారని నువ్వు కూడా ఆ నింద నీ మీద వేసుకుంటున్నావు. నువ్వు అలాంటి పని చేసే మనిషివా? నిన్ను చూస్తున్నది నిన్నా మొన్నానా?"

"నా మాట విను. నిజంగానే చేశాను."

"గడ్డ కడితే మందు పని చేస్తున్నట్టేనని చెప్పింది నువ్వు కాదూ? కట్టింది, కళ్ళెదురుగా కనబడుతోంది. అది మానకుండానే పసివాణ్ణి మళ్ళీ పొడిపించనా? నీ మీద గౌరవం కొద్దీ కూడా ఆ పని చెయ్యను." పిల్లవాడి తొడ మీద గుడ్డ కప్పేసి భుజానికి ఎత్తుకుంది. పక్క సందులోంచి ఎవరి పిల్లో దగ్గుతోంది. ఆగకుండా దగ్గి దగ్గి, చివర కూతలాంటి శబ్దంతో ఊపిరి లాక్కుంటోంది. చెప్పుల కొట్టామె అటు చూసి, "పాపం, వాళ్ళు టీకాలు వేయించుకోరు పిన్నీ. మాకా భయం లేదు," అంది.

సూదమ్మ స్టూలు మీద కూలబడింది. పెట్టెలో మంచు కరిగి నీళ్ళు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. "మొదటినుంచీ చెబుతాను, విను," అంది. "ఆ ముందు రోజు ఎవరో పెద్దాయన వస్తున్నాడని, రసం సీసాలు..."

మాటలు తడబడ్డాయి. ముఖమంతా చెమట పట్టింది. చెప్పుల కొట్టామె కంగారుగా వంగి, చేత్తో ఆవిడ నుదురు ముట్టుకు చూసింది.

"నేను అనుకుంటూనే ఉన్నాను," అంది. "ఒళ్ళు వెచ్చగా ఉంది పిన్నీ. ఇంటికెళ్ళి పడుకో."